నెత్తి రుమాలు, ముక్కు రుమాలు

నంద్యాల బజారులో బట్టల అంగడి నడిపే సంజీవయ్యను ఎవరైనా "నెత్తిన రుమాల ఎందుకు శెట్టీ?" అని అడిగితే, "మర్యాదకు" అని చెప్పేవాడు. అది గిరాకీకి చెప్పే ధర. ఆయనకు తెలిసిన అసలు ధర వేరు.

ఆయన లెక్క ప్రకారం రుమాలు పుట్టింది మర్యాదకు కాదు. మొదట ఎవడో రైతు ఎండకు మాడు కాలి ఒక గుడ్డ చుట్టుకున్నాడు. చుట్టుకున్నాడు కదా అని పెండ్లాం దాని మీద మూట పెట్టింది. మూట కుదురుగా నిలబడింది. చేను గట్టున పడుకుంటే అదే దిండయింది. బావిలో చేంతాడు అందకపోతే దాని కొసకు అదే ముడి పడింది. సంతలో మిరపకాయలకు సంచి, వాగు దాటేటప్పుడు గోచీ, కుక్క వెంటపడితే కొరడా. ఇన్ని పనులకు వచ్చే గుడ్డను పెట్టుకోవడానికి మనిషి ఒంటి మీద నెత్తికంటే ఖాళీ జాగా ఇంకొకటి లేదు కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఏ పనీ లేనివాడొకడు దాన్ని ఉతికించి, గంజి పెట్టించి, ఎర్రంచు వేయించి, దానితో ఏ పనీ చేయించకుండా ఊరికే కట్టుకుని తిరిగాడు. ఆ రోజు నుంచి దాని పేరు మర్యాద. వస్తువు పనికి రావడం మానేసినప్పుడే దాని ధర పెరుగుతుందనే సంగతి సంజీవయ్య చిన్ననాడే కనిపెట్టాడు.

ఇది లోకం రుమాళ్ల సంగతి. ఆయన సొంత రుమాలు సంగతి ఇంకా చిన్నది. ఆయన నడినెత్తిన ఉసిరికాయంత బుడిపె ఉంది. ఆ సంగతి భార్య జయలక్ష్మమ్మకు తెలుసు, మంగలికి తెలుసు, భగవంతునికి తెలుసు. వీళ్లలో మంగలికి మాత్రం పండగ పండగకూ ఒక పంచె ముట్టేది.

బుడిపె నొప్పి పుట్టించదు. దాని మీద పడబోయే పేరు గురించే ఆయన దిగులు. ఈ సీమలో మనిషికి ఒక పేరు పడితే అది మూడు తరాల ఆస్తి. బజారు మొగదలలో ఇనుప సామాన్లు అమ్మే కుటుంబాన్ని ఊరంతా అరిసెలోళ్లు అంటారు. ఎందుకంటే వాళ్ల తాత ఎప్పుడో ఒక పెండ్లిలో పంచె మడతలో అరిసెలు దాచి దొరికిపోయాడు. ఆ తాత పోయాడు, ఆ అరిసెలు పోయాయి, పేరు మాత్రం అంగడి తాళంచెవితో పాటు మనవళ్ల చేతికి వచ్చింది. తన మనవళ్లు బుడిపోళ్లు కాకూడదని సంజీవయ్య పట్టుదల. అందుకే ఆయన రుమాలు ఇంటి కప్పు లాంటిది. వానాకాలమని, వేసవి అని లేదు, ఎప్పుడూ ఉండాల్సిందే.

అటువంటి రుమాలును ఆయన తన నోటితోనే పందెంలో పెట్టాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవి. ఆళ్లగడ్డ నుంచి నరసింహులు, ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ బిడ్డ పెండ్లి బట్టలకు వచ్చారు. నరసింహులుది ఆళ్లగడ్డలో పాత సేద్యపు ఇల్లు. వియ్యం అందుకుంటున్నది కొత్తపల్లె వాళ్లతో. చీరలన్నీ అయ్యాక నరసింహులు అసలు మాటకు వచ్చాడు.

"మగపెండ్లి వాళ్లకు రుమాళ్లు కావల్ల శెట్టీ. అన్నీ ఒకే తీరు ఉండల్ల. ఒకే అంచు, ఒకే కొలత."

ఆ ఇండ్లలో ఆచారం అది. పెండ్లినాడు ఆడపిల్ల తండ్రి మగపెండ్లి వారి మగవాళ్లందరికీ తన చేత్తో కొత్త రుమాలు చుట్టాలి. అది చుట్టేదాకా వాళ్లు విస్తరి ముందు కూర్చోరు. చుట్టిన తర్వాత కూడా ఎవడూ తన రుమాలు చూసుకోడు, పక్కవాడిది చూస్తాడు. నరసింహులు అన్న ఇంట్లో ఒకసారి మగపెండ్లి వారిలో ఒక తోడల్లుడి రుమాలుకు అంచు వేలెడు ఎక్కువ పడింది. రెండో తోడల్లుడు అన్నం ముట్టకుండా బండి కట్టించుకుని పోయాడు. పెండ్లాన్ని కూడా మరిచిపోయి పోయాడు. ఆమె తర్వాత బస్సులో పోయింది.

"నాకు జెప్పల్లనా అన్నా? నీ బిడ్డ పెండ్లి నా బిడ్డ పెండ్లి గాదా?" అన్నాడు సంజీవయ్య.

చీర కొంగు వేళ్ల మధ్య నలిపి చూస్తున్న సుబ్బలక్ష్మమ్మ తలెత్తకుండానే, "నీ బిడ్డ పెండ్లయితే ఈ చీరకు ఇంత ధర జెప్తావా?" అంది.

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. అరుగు మీద కుట్టుమిషన్ ముందు కూర్చున్న దర్జీ మీరావలి కూడా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. గిరాకీల ముందు నవ్వుల పాలైన వ్యాపారి వెంటనే పెద్ద మాట ఒకటి అని ఆ లోటు పూడ్చుకోవాలని చూస్తాడు. సంజీవయ్య కూడా అదే చేశాడు.

"ధర సంగతి ఉండనీ అక్కా, మాట సంగతి విను. పెండ్లినాటికి నీ పందిట్లో రుమాళ్లు ల్యాకపోతే, ఇదో, ఈ నెత్తిమీది రుమాల తీసి అన్న కాళ్లకాడ పెడ్తా."

రుమాలు తీసి ఇంకొకరి కాళ్ల దగ్గర పెట్టడమంటే నా దగ్గర ఇంకేమీ మిగల్లేదని ఒప్పుకోవడం. ఆ పని చేసినవాడికి ఆ తర్వాత బేరమాడే నోరు ఉండదు. ఆళ్లగడ్డ రైతు కాళ్ల దగ్గర రుమాలు పెట్టిన వ్యాపారికి ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల దాకా ఎవడూ చెప్పిన ధర ఇవ్వడు. ఇక రుమాలు కింద ఉన్న సరుకు సంగతి సరేసరి.

"విన్నారు గదప్పా అందరూ?" అన్నాడు నరసింహులు, చుట్టూ చూసి.

మాట నోటి నుంచి బయటపడగానే సంజీవయ్యకు బుడిపె దగ్గర దురద పుట్టింది. గోక్కోవడానికి లేదు.

ఆ రోజుల్లో రాజధాని పేరు చెప్పి కోస్తా మనుషులు రైలెక్కి ఇటువైపు దిగుతున్నారు. ఆఫీసర్లతో పాటు గుమాస్తాలు, గుమాస్తాలతో పాటు హోటళ్లు, హోటళ్లతో పాటు సరుకు ఏజెంట్లు. అట్లా గుంటూరు బండిలో దిగినవాడే పానకాలరావు. చీరాల వైపు నేత సరుకుకు ఏజెంటు. చొక్కా మడత నలగదు, మాట చివర 'అండీ' తప్పదు, నెత్తిన నూనె పెట్టి దువ్విన క్రాపు తప్ప ఇంకేమీ ఉండదు. నంద్యాల నేతగాళ్లు పెండ్లిండ్ల కాలంలో మాట మీద నిలబడరని సంజీవయ్యకు అనుభవం. అందుకని పానకాలరావుకు చెప్పాడు.

"రుమాళ్లు కావల్లప్పా. యాడికీ జారకుండా పెండ్లినాటికి రావల్ల."

"రుమాళ్లాండీ? భేషుగ్గా పంపిస్తాం. మా దగ్గర రుమాళ్లకు లోటేమిటండీ! అంచు ఎట్లాంటిది కావాలి?"

సంజీవయ్య తన నెత్తి మీద వేలాడుతున్న కొస పట్టుకుని చూపించాడు. "ఇదో, ఈ ఎర్రంచు. అన్నిటికీ ఇదే ఉండల్ల."

పానకాలరావు ఆ అంచును దగ్గరికొచ్చి చూశాడు, రంగు చూశాడు, పోగు చూశాడు, తల ఊపాడు. నెత్తికి కట్టుకునేవేనా అని ఆయన అడగలేదు. నెత్తికి అని ఈయన చెప్పలేదు. చెప్పులు కొనేవాడు కాళ్లకు అని చెప్తాడా?

మూట పెండ్లి రేపనగా నంద్యాల స్టేషన్‌లో దిగింది. కూలీ దాన్ని ఒంటిచేత్తో మోసుకొస్తుంటే సంజీవయ్య సన్నపు నేత అనుకుని మురిసిపోయాడు. అరుగు మీద విప్పాడు. పైదాన్ని పట్టుకుని విదిలించాడు. రుమాలంటే విదిలించినప్పుడు అరుగు దాటి వీధిలో పడాలి. ఇది ఆయన మోచేతి దగ్గరే ఆగిపోయింది. మూరెడు చదరం. నాలుగు దిక్కులా చక్కని ఎర్రంచు. ఇంకొకటి విప్పాడు. అదీ మూరెడే. అన్నీ ఒకే తీరు, ఒకే అంచు, ఒకే కొలత. నరసింహులు అడిగింది అడిగినట్టే.

"దస్తీలు తెప్పించినావేంది శెట్టీ?" అన్నాడు మీరావలి మిషన్ ఆపి.

"దస్తీలు గాదు సాయిబూ, రుమాళ్లు! రుమాళ్లు అనే జెప్పినా!"

మీరావలి ఒకటి తీసుకుని ఆ అంచు కుట్టు చూశాడు. "వాడు తప్పు పంపలా. రూ అంటే మొగం. మాల్ అంటే తుడిచేది. ఉర్దూ బడిలో మా మున్షీ జెప్పేవాడు. రుమాలంటే మొగం తుడుచుకునే గుడ్డే. అది మీరే నెత్తికెక్కించినారు."

"మేమా? ఈ సీమంతా అదే మాట గదా! నీ నాయన కట్టుకున్నది ఏందీ?"

"మా నాయన గూడా తప్పే," అన్నాడు మీరావలి నిదానంగా. "మొగం తుడిచే గుడ్డ నెత్తికి పోయింది. చేతిలో పట్టుకునేదానికి దస్తీ అని ఇంకో పేరు పెట్టుకున్న్యాము. కోస్తావోడు మొగంకాడనే నిలబడిపోయినాడు. నువ్వు నెత్తి మీద నిలబడి జెప్పినావు. నడుమ పేరొకటే."

సంజీవయ్యకు ఆ చరిత్ర వినే ఓపిక లేదు. ఆయన బుర్ర అప్పటికే దారులు వెతుకుతోంది. అంగట్లో తానులకు తానులు మల్లుగుడ్డ ఉంది, కోసి ఇవ్వవచ్చు. కానీ అంచు లేని తెల్లగుడ్డ పీనుగకు కప్పుతారు. దాన్ని పెండ్లివారి నెత్తికి చుడితే ఆళ్లగడ్డ నుంచి ప్రాణాలతో రావడం కష్టం. ఎదురంగడి ఆదినారాయణ దగ్గర కొన్ని రుమాళ్లు ఉండవచ్చు. అవి తలా ఒక తీరు. పైగా ఆయన రుమాళ్లతో పాటు ఈ కథను కూడా ఊరంతా అమ్ముతాడు, దీనికి మాత్రం ధర తీసుకోడు. నాలుగైదు దస్తీలు కలిపి కుడితే ఒక రుమాలవుతుంది గదా అన్నాడు మీరావలి. అట్లా కుడితే పావు మందికి కూడా చాలవు. మిగతావాళ్లు అలిగి బండ్లు కట్టుకుంటారు.

"ఒక మాట జెప్పనా?" అన్నాడు మీరావలి. దస్తీని నెత్తి మీద పరిచి రెండు కొసలు వెనక్కి లాగి ముడి వేసుకున్నాడు. "శుక్రవారం టోపీ మరిచిపోయినోళ్లం ఇట్లనే కట్టుకుని నమాజుకు నిలబడ్తాం. అల్లా కాడ చెల్లేది వియ్యంకుని కాడ చెల్లదా?"

సంజీవయ్య ఆ ముడి వైపు కాసేపు చూశాడు. "దేవుడు అలగడు సాయిబూ," అన్నాడు. "వియ్యంకుడు అలుగుతాడు."

తెల్లవారి మొదటి బస్సుకే మూట పైన వేయించి ఆళ్లగడ్డకు బయలుదేరాడు. కిటికీ గాలికి రుమాలు ఎగరకుండా దారి పొడవునా ఒక చెయ్యి నెత్తి మీదే పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న ముసలమ్మ చూసి చూసి, "తలనొప్పా నాయనా?" అని అడిగింది.

"వచ్చేటట్టుండాదమ్మా," అన్నాడు.

దారిలో ఒక సంగతి మాత్రం తేల్చుకున్నాడు. తీర్చక తప్పని బాకీ ఉంటే బజారులో కాదు, లోపలి గదిలో తీర్చాలి. నలుగురిలో అడిగించుకుంటే వడ్డీ పెరుగుతుంది. అందుకే పందిట్లోకి పోకుండా పెరటి దారిన ఇంట్లోకి పోయి, నరసింహులును, సుబ్బలక్ష్మమ్మను జొన్నగాదెలున్న గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేసి మూట విప్పాడు.

నరసింహులు ఒకటి తీశాడు. దాని కింద ఇంకేమైనా ఉందేమోనని అటూ ఇటూ తిప్పాడు. "ఏంది శెట్టీ ఇవి?"

"రుమాళ్లే అన్నా. కోస్తావోళ్లు వీటినే రుమాళ్లంటారంట."

"కోస్తావోళ్లకిస్తాండానా నా బిడ్డను?"

సుబ్బలక్ష్మమ్మ ఒకటి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "నెత్తికి జెప్తే ముక్కుకు తెచ్చినాడు," అంది మొగునితో. "ఇవి పంచినామంటే కొత్తపల్లె వాళ్లకు జలుబని ఆళ్లగడ్డంతా అనుకుంటాది. శేషయ్య ఊరుకుంటాడా?"

శేషయ్య పెండ్లికొడుకు పెదనాయన. కొత్తపల్లె ఇంట్లో మాట ఆయనది, మిగతావాళ్లది తల ఊపడం. అలగడంలో ఆయనకు పేరుంది. గత ఏడాది ఇంకొక పెండ్లిలో తనకంటే ముందు పక్కవాడికి నీళ్లు పోశారని ఆయన మూడు పూటలు చెట్టు కింద పడుకున్నాడు.

"బయట పీటల మీద కూర్చోని ఉండారు," అన్నాడు నరసింహులు. "లేసి పోయినారంటే నా బిడ్డ గతి ఏంది శెట్టీ? అంగట్లో అంత పెద్ద మాట అంటివి గదా?"

సంజీవయ్యకు ఇంకొక దారి కనబడలేదు. నెత్తి మీద చేతులు పెట్టి రుమాలు చుట్టు విప్పాడు. చుట్టు విప్పుతుంటే చిన్ననాటి నుంచి దాచిన సరుకును వేలంలో పెడుతున్నట్టు అనిపించింది. విప్పిన గుడ్డను మడిచి నరసింహులు కాళ్ల దగ్గర పెట్టి తల వంచాడు. తల వంచడంతో లోపల ఉన్నదంతా సుబ్బలక్ష్మమ్మకు నేరుగా ఎదురుపడింది.

"ఓయమ్మో!" అంది ఆమె. "అదేంది శెట్టీ, కోడిగుడ్డు దాచుకున్నావా?"

"అక్కా, మెల్లగా! నీ కాళ్లు మొక్కుతా, బయట అనొద్దు."

నరసింహులు అంత దుఃఖంలోనూ తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

సుబ్బలక్ష్మమ్మ మాత్రం కిందికి వంగి ఆ రుమాలు తీసింది. ఒక చేత్తో దాని కొస, ఇంకో చేత్తో దస్తీ అంచు పట్టుకుని వెలుతురులో పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకే ఎర్రంచు. "ఇదో, ఇట్లాంటిదే గదా మేము జెప్పింది," అంది. "ఒకటి ఉండాది. ఒక్కటి పెట్టుకుని ఏం జేస్తాం?"

ఆ 'ఒక్కటి' అనే మాట సంజీవయ్య చెవిలో పడింది. సరుకు తక్కువైతే వ్యాపారి ఏడుస్తాడు. ఒకటే మిగిలితే మాత్రం ఏడవడు, ధర పెంచుతాడు. అంగట్లో ఆఖరి చీరకే కదా ఇద్దరు ఆడవాళ్లు కొట్లాడుకునేది! ఆయన వంచిన తల పైకెత్తాడు.

"అక్కా, అందరికీ ఇస్తే అది మర్యాద యాడైతాది? పంచిపెట్టడమైతాది. ఒక్కనికిస్తేనే మర్యాద. పద అన్నా, బేగా పద. శేషయ్యకు ఇది చుట్టు. తక్కినోళ్లను నాకొదిలిపెట్టు."

"ఇది నువ్వు కట్టుకున్నది గదప్పా?"

"నేను కట్టుకున్నానని దాని మీద రాసుందా?"

ఆయన అంతే వేగంగా తలుపు వైపు కదిలితే సుబ్బలక్ష్మమ్మ ఆపింది. "బోడినెత్తితో పందిట్లోకి పోతావా? పీనుగకొచ్చినావనుకుంటారు." మూటలో నుంచి ఒక దస్తీ తీసి ఆయన మీదికి విసిరింది. సంజీవయ్య దాన్ని మీరావలి చూపించినట్టు నెత్తి మీద పరిచి వెనక ముడి వేసుకున్నాడు. గుడ్డ చిన్నదే గానీ ఉసిరికాయను దాచడానికి చాలింది.

పందిట్లో కొత్తపల్లె వాళ్లు పాత రుమాళ్లు తీసి ఒళ్లో పెట్టుకుని కొత్తవాటి కోసం ఎదురు చూస్తున్నారు. కొందరు పడుచువాళ్లకు తీయడానికేమీ లేదు. క్రాపులకు నూనె పెట్టుకుని, ఆ క్రాపులు రుమాలు కింద నలిగిపోతాయనే బాధతో మూతులు ముడుచుకుని కూర్చున్నారు. నరసింహులు శేషయ్య దగ్గరికి పోయి రుమాలు చుట్టాడు. చేతులు వణికాయి. వణకడం మంచిదే అయింది, భక్తి అనుకున్నారు.

తర్వాతి మనిషి తల ముందుకు వంచాడు. నరసింహులు చేతుల్లో ఏమీ లేదు. అప్పుడు సంజీవయ్య ముందుకొచ్చాడు.

"పెద్దాయనా, ఒక మాట," అన్నాడు శేషయ్యతో, అందరికీ వినబడేట్టు. "అందరి నెత్తికీ ఒకే రుమాల చుడితే పెద్దరికం యాడ కనబడ్తాది? రేషనంగట్లో చక్కెర ఇచ్చినట్టుంటాది. అందుకని ఈ ఇంట్లో ఒక్కటే రుమాల తెప్పించినాం. ఇంటి పెద్దకు. అదే అంచుతో తక్కిన బంధువులందరికీ చేతి రుమాళ్లు. నువ్వు మాను, వాళ్లు కొమ్మలు. అంచొకటే, కొలత వేరే."

శేషయ్య చెయ్యి పైకెత్తి కొత్త చుట్టును తడిమి చూసుకున్నాడు. ఎడమకు చూశాడు, అటు ఎవరికీ లేదు. కుడికి చూశాడు, ఇటూ లేదు. జీవితంలో అలగడానికి ఇంత తక్కువ కారణం ఆయనకు ఎప్పుడూ దొరకలేదు.

పెండ్లికొడుకు మేనమామ మాత్రం దస్తీని రెండు వేళ్లతో పట్టుకుని, "మాకేందప్పా ఈ మూతి గుడ్డలు? మేము మనుషులం గాదా?" అన్నాడు.

సంజీవయ్య నోరు తెరిచేలోపే శేషయ్య ఆయన వైపు తిరిగాడు. "నీకు రుమాల కావల్లంటే నా ఈడు వచ్చిందాకా బతుకు. కూర్చో!"

మేనమామ కూర్చున్నాడు. అలగాలంటే ఇప్పుడు ఆళ్లగడ్డ మీద కాదు, శేషయ్య మీద అలగాలి. దానికి అంత ధైర్యం ఉన్నవాడు కొత్తపల్లెలో ఇంకా పుట్టలేదు. పడుచువాళ్లకైతే ప్రాణం లేచొచ్చింది. క్రాపులు బతికాయి. ఒకడు దస్తీని మెడకు చుట్టుకున్నాడు, ఒకడు మణికట్టుకు కట్టుకున్నాడు, ఒకడు జేబులో నుంచి ఎర్రంచు కనబడేట్టు మడత పెట్టి మూడుసార్లు సర్దుకున్నాడు. నడివయసు వాళ్లు కొంతసేపు చేతిలో పట్టుకుని చూశారు. ఎండ పందిరి సందుల్లో నుంచి మాడు మీద పడుతుంటే ఒక్కొక్కరే సంజీవయ్యలాగా పరిచి వెనక ముడి వేసుకున్నారు. మర్యాద సంగతి ఎట్లా ఉన్నా ఎండ సంగతి ఎండదే.

అంతా అయిపోయిందనుకునేటప్పటికి శేషయ్య ముక్కు ఎగబీల్చాడు. "కొత్త గుడ్డకు ఈ వాసనేంది? ఆముదం వాసన!"

నరసింహులు మొగం తెల్లబోయింది. సంజీవయ్య రోజూ పొద్దున నెత్తికి పెట్టే ఆముదం అది. సంవత్సరాల తరబడి గుడ్డకు పట్టింది.

"మహానంది స్వామి కాడ దీపం ముందర పెట్టి తెచ్చినాం పెద్దాయనా," అన్నాడు సంజీవయ్య రెప్ప కొట్టకుండా. "ఆ నూనె తగిలింది."

శేషయ్య వెంటనే రెండు చేతులతో ఆ రుమాలును తాకి కళ్లకద్దుకున్నాడు. సంజీవయ్య మహానందిలో ఒక టెంకాయ బాకీ రాసుకున్నాడు. కాసేపు ఆలోచించి రెండు చేశాడు. మగపెండ్లివారు విస్తర్ల ముందు కూర్చున్నారు. వరస చివర సంజీవయ్య కూడా కూర్చుని ఓళిగలు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. తన చెమట, తన ఆముదం కొత్తపల్లె పెద్దరికం మీద కిరీటంలా కూర్చోవడం చూస్తూ తింటే ఓళిగ ఎప్పటికంటే తియ్యగా ఉంది.

సాయంత్రం బస్సులో దస్తీతోనే తిరిగొచ్చాడు. అంగడి తెరిచిన వెంటనే బీరువాలో నుంచి కొత్త రుమాలు తీసి చుట్టుకున్నాడు. ఎదురంగడి ఆదినారాయణ అరుగు దిగి వచ్చి, "ఏమైంది శెట్టీ, రుమాళ్లు చేరినాయా ఆళ్లగడ్డకు?" అని అడిగాడు.

"చేరినాయి. ఒకటి ఎక్కువే చేరింది," అన్నాడు సంజీవయ్య.

పానకాలరావు మళ్లీ నంద్యాలలో దిగినప్పుడు ఆయనను తిట్టాలని సంజీవయ్య కొన్ని మాటలు ఏరి పెట్టుకున్నాడు. కానీ అప్పటికి ఆళ్లగడ్డ పడుచువాళ్లు కొత్తపల్లె వాళ్లను చూసి చేతి రుమాళ్లు అడగడం మొదలుపెట్టారు. లాభం తెచ్చినవాడిని తిట్టడం దండగ. "మళ్ల పంపు. నెత్తివి గూడా పంపు," అన్నాడు.

"నెత్తివంటే ఏమిటండీ?"

"సాయిబూ, నువ్వే జెప్పప్పా ఈయనకు. నాకు ఓపిక ల్యా."

ఇట్లా చూస్తే ఆ పెండ్లి లెక్కలో సంజీవయ్యకు అన్నీ లాభాలే. పేరు పడలేదు, మాట పోలేదు, పోయింది ఒక పాత గుడ్డ. కానీ ఏ లెక్కలోనైనా ఒక అంకె కింద దాక్కుని ఉంటుంది.

దసరాకు ముందు అంగడి కిటకిటలాడుతున్న ఒక పగలు సుబ్బలక్ష్మమ్మ వచ్చింది. కూతురికి మంచి పట్టుచీర ఒకటి ఏరింది. సంజీవయ్య ధర చెప్పాడు. ఎప్పుడూ చీర నలిపి, మూతి విరిచి, లేచి గడప దాకా పోయి మళ్లీ తిరిగొచ్చే మనిషి ఈసారి ఏమీ బేరమాడలేదు. కొంగుతో మొగం మీద విసురుకుంటూ ఆయన నెత్తి వైపు చూసింది.

"ఏం ఉక్క, ఏం ఉక్క! ఆ రుమాల తీసి కూర్చోరాదా శెట్టీ? కాస్త గాలి తగుల్తాది."

అంగట్లో ఉన్న గిరాకీలంతా ఆయన నెత్తి వైపు చూశారు.

సంజీవయ్య ధర తగ్గించాడు.

"ఇంకా ఉక్కగానే ఉండాది," అంది ఆమె.

ఇంకొంచెం తగ్గించాడు. ఆమె ఇంకొక చీర ఒళ్లోకి లాక్కుని, పైకి చూసి నిట్టూర్చింది. "వాన పడితే గానీ సల్లబడేటట్టు ల్యా."

రెండు చీరలూ పొట్లం కట్టి, మీద ఒక చేతి రుమాలు ఊరికే పెట్టి చేతికిచ్చాడు. ఆమె చల్లగా నవ్వి, మళ్లీ సంక్రాంతికి వస్తానని చెప్పి మెట్లు దిగిపోయింది.

మీరావలి మిషన్ మీద నుంచి మెడ చాచి చూశాడు. "శెట్టీ, ఆ యమ్మకు నష్టానికిచ్చినావే?"

"నష్టం గాదు సాయిబూ. బాడిగ."

"దేనికి బాడిగ?"

సంజీవయ్య రుమాలు ముడి ఇంకొంచెం బిగించుకున్నాడు.

"నెత్తికి," అన్నాడు.